లక్ష్మీదేవమ్మ హాస్టల్లో దురద

కొండాపూర్‌లో లేడీస్ హాస్టళ్లకు కొదవ లేదు. లక్ష్మీదేవమ్మ ఉండే ఒక్క సందులోనే నాలుగు బోర్డులు వేలాడుతుంటాయి. అయినా లక్ష్మీదేవమ్మ తన హాస్టల్ గురించి మాట్లాడుతుంటే మిగిలిన మూడూ అసలు లేనట్టే అనిపిస్తుంది వినేవాళ్లకు. పెన్న ఒడ్డున ఉన్న సొంతూరు ప్రొద్దుటూరు మీద మమకారం కొద్దీ ఆమె భర్త చెన్నకేశవులు దానికి పెన్నా లేడీస్ హాస్టల్ అని పేరు పెట్టాడు. పేరొక్కటే ఆయనది, తక్కిందంతా ఆమెది. తెల్లవారకముందే లేచి మూడంతస్తుల బాత్‌రూములూ తానే చూసుకునే మనిషికి ఆ మాత్రం గర్వం ఉంటే తప్పేమిటి? పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లులకు గదుల కన్నా ముందు ఆమె బాత్‌రూములే చూపించేది.

అన్నిటికన్నా ఆమె గర్వమంతా ఆదివారం నూనె మీద. వారమంతా హైటెక్ సిటీలో కంప్యూటర్ల ముందు కూర్చుని మెడలు పట్టేసిన ఆడపిల్లలు ఆదివారం పొద్దున డాబా మీదికి చేరేవారు. లక్ష్మీదేవమ్మ కుర్చీలో కూర్చుని, ఒక్కొక్కరినీ తన కాళ్ల దగ్గర కూర్చోబెట్టుకుని, గోరువెచ్చని నూనెతో తల మర్దన చేసేది. తల ఒక్కటే కాదు, మెడ, భుజాలు, మోచేతుల దాకా పట్టేది. భుజాల మీద కప్పడానికి ఒక పాత తువ్వాలు ఉండేది, అందరికీ అదే. పిల్లలు కళ్లు మూసుకుని ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నిద్రలోకి జారుకునేవారు. ఇలాంటి భోగం ఈ సందులో ఇంకెక్కడుందో చూపించమనండి.

ఆ చేతి కిందికి రాని తల హాస్టల్ మొత్తంలో ఒక్కటే ఉంది. అది రసజ్ఞది. భీమవరం పిల్ల, గచ్చిబౌలిలో ఉద్యోగం, నడుము దాటిన జుట్టు. చేరిన వారమే లక్ష్మీదేవమ్మ ఆప్యాయంగా పిలిస్తే, "వద్దండి ఆంటీ, నా తల నేను చూసుకుంటానండి. ఎవరైనా ముట్టుకుంటే నాకు పడదండి" అంది. మర్యాదగానే అంది. ఆ మర్యాదే లక్ష్మీదేవమ్మకు గుచ్చుకుంది. రోజుకు రెండు పూటలా తన చేతి అన్నం తినే పిల్ల తన చేతి నూనె వద్దంటుందా? పైకి ఏమీ అనలేదు గానీ మనసులో పెట్టుకుంది.

జూన్‌లో వానలు మొదలయ్యాక హాస్టల్లో దురద పుట్టింది. మొదట రెండో అంతస్తులో ఇద్దరు పిల్లలు గోక్కున్నారు. తర్వాత వాళ్ల గదిలో వాళ్లు, ఆ తర్వాత పక్క గది. పగలు ఆఫీసులో ఎలాగో ఓర్చుకునేవారు, పడుకునే వేళకు మాత్రం ఒళ్లంతా గోళ్లు ఆడాల్సిందే. చెన్నకేశవులు కూడా నడుము దగ్గర తెగ గీరుకుంటూ చెమటకాయలన్నాడు. లక్ష్మీదేవమ్మకు వేళ్ల సందుల్లో మంట, దురద. అది గిన్నెలు తోమే పొడి వల్లేనని ఆమె కంపెనీ మార్చింది. మొగుడి దురద, తన దురద, పిల్లల దురద ఒకటే కావచ్చన్న ఆలోచన ఆమెకు రాలేదు. మనలో ఎవరికి మాత్రం వస్తుంది?

పిల్లల సంగతి చెవిన పడగానే ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. పేలు!

ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో కోపం కన్నా హుషారే ఎక్కువ కనిపించింది. ఎందుకంటే పేల విషయంలో ఆమె అంత గట్టి మనిషి ఇంకొకరు లేరు. ప్రొద్దుటూరులో ఆమె పేల దువ్వెన చేతపడితే వీధిలో పిల్లలు పరుగు లంకించుకునేవారు, తల్లులు పట్టి తెచ్చి కూర్చోబెట్టేవారు. ఊదితే ఎగిరిపోయేది చుండ్రు, గోటితో లాగినా వెంట్రుకను వదలనిది ఈరు. ఈ తేడా ఆమె చీకట్లో కూడా వేలితో చెప్పగలదు. వచ్చిన చిక్కల్లా, ఆ విద్యకు ఇక్కడ పని లేదన్న సంగతి ఆమెకు తెలియకపోవడమే.

ఆ ఆదివారం డాబా మీద తెల్ల గుడ్డ పరిచి వరసగా అందరి తలలూ దువ్వింది. గుడ్డ మీద ఒక్క పేను రాలితే ఒట్టు. చెవుల వెనక, మెడ వెనక వెతికింది, ఈరన్నది లేదు. ఇంకొకరైతే అక్కడ ఆగి ఆలోచించేవారు. లక్ష్మీదేవమ్మ మాత్రం తన నూనె దెబ్బకు అవన్నీ చచ్చి ఊరుకున్నాయని సంబరపడింది. కానీ దురద తగ్గలేదు సరికదా, ఇంకాస్త పెరిగింది. దాంతో ఆమె బుధవారం కూడా నూనె మొదలుపెట్టింది. నూనె పెరిగిన కొద్దీ దురద పెరుగుతూ పోయింది. తాను ఇన్ని తంటాలు పడి చంపుతుంటే ఇవి మళ్లీ మళ్లీ ఎక్కడి నుంచి వస్తున్నాయని ఆమె కాలు కాలిన పిల్లిలా తిరిగింది. చివరికి ఆమె అనుమానం తన చేతికి అందని ఆ ఒక్క తల దగ్గర ఆగింది.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర అందరూ ఉండగానే ఆమె అడిగేసింది.

"ఏమ్మా రసజ్ఞా, నీకు దురద లేదా?"

"లేదండి ఆంటీ."

"అందరికీ ఉండాది, నీకొక్కదానికే లేదు. పేన్లు అలవాటైన తలకు దురద తెలీదమ్మా. శానా తలలు చూసినా నేను. ఆదివారం డాబా మీదికి వచ్చి కూర్చో, దువ్వుతా."

రసజ్ఞ చేతిలో చపాతీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆ పిల్ల ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

"నా తలలో పేలు లేవండి."

"లేకపోతే చూపించడానికి ఏమి?"

"లేవు కాబట్టే చూపించనండి. దొంగని సోదా చేసినట్టు అందరి ముందూ కూర్చోబెట్టి చూస్తానంటే నేను ఒప్పుకోనండి."

లక్ష్మీదేవమ్మకు కోపం నషాళానికి అంటింది. "అట్లయితే ఆదివారం లోపల వేరే హాస్టల్ చూసుకో. నీ ఒక్కదాని జుట్టు కోసరం ఇంతమంది పిల్లలు గీరుకుంటా కూర్చోవాల్నా?"

రసజ్ఞ పళ్లెం తీసుకుని లేచింది. తొణకలేదు, బెణకలేదు. "వెళ్లిపోతానండి. కానీ పేలున్న పిల్ల అనిపించుకుని మాత్రం వెళ్లను. అందరి ముందూ అన్నారు కదా, మీ మాట తప్పని తెలిసిన రోజున అందరి ముందే అనండి. అదొక్కటి చాలండి నాకు" అని మెట్లెక్కి వెళ్లిపోయింది. ఇద్దరిలో ఎవరి పౌరుషం ఎక్కువో చెప్పడం కష్టం.

మర్నాడు శనివారం. టిఫిన్ దగ్గర యశస్విని వచ్చి లక్ష్మీదేవమ్మ ఎదురుగా కూర్చుంది. సిద్దిపేట వైపు పిల్ల, సాఫ్ట్‌వేర్ టెస్టరు. ప్రతి ఆదివారం నూనెకు కూర్చునే పిల్లే, వారం కిందటే వేములవాడలో మొక్కు తీర్చుకుని గుండుతో వచ్చింది. అప్పటి నుంచీ లక్ష్మీదేవమ్మ ఆ గుండు మీద రోజూ చందనం రాసి, ముద్దు చేసి, చేతులు కూడా పట్టి పంపిస్తోంది. ఇప్పుడా పిల్ల మణికట్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ఆంటీ, జర నా తల చూడుండ్రి" అంది యశస్విని.

"ఏముంది చూసేకి, నున్నగా ఉండాది."

"అగో, నేను గదే అంటున్న. నా తల మీద పేను ఏం పట్టుకొని నిలవడుతది ఆంటీ? నాకేమో రాత్రంత నిద్ర లేదు, గోకుడే గోకుడు. రసజ్ఞకేమో గంత జుట్టు, దురదే లేదు. నేను టెస్టర్ను కదా, ఇట్లనే చూస్త. జుట్టు లేనిదానికి ఉన్నది, జుట్టున్నదానికి లేదు. ఇగ దీనికి జుట్టుతోని ఏం సంబంధం?"

లక్ష్మీదేవమ్మ ఆ గుండు మీద చెయ్యి వేసి చూసింది. ఆ గుండు రోజూ తన చేతుల కిందే ఉంది. దాని మీద ఒక్క వెంట్రుక లేదని ఊరందరికన్నా తనకే బాగా తెలుసు. ఇంత చిన్న విషయం తన కళ్ల ముందే ఉండి తనకే తట్టకపోవడం ఆమెకు చాలా అవమానంగా అనిపించింది. "నడువు, డాక్టరు దగ్గరికి పోదాం. నీళ్ల వల్ల అంటాదిలే" అని చెప్పులేసుకుంది.

సందు చివర బస్తీ దవాఖానలో ఆ పూట లేడీ డాక్టరు ఉంది. యశస్విని వేళ్లు విడదీసి, భూతద్దం పెట్టి, మణికట్టు మీద సన్నగా వంకరగా ఉన్న గీతల్ని చూసింది. రాత్రిపూట ఎక్కువా అని అడిగింది. నడుము, చంకలు చూసింది.

"గజ్జి ఇది" అంది తాపీగా.

లక్ష్మీదేవమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "గజ్జా? మా హాస్టల్లోనా? అమ్మా, మా బాత్‌రూములు వచ్చి చూడు నువ్వు. నేను పేన్లేమో అనుకుంటి."

డాక్టరు నవ్వింది. "శుభ్రానికి దీనికి సంబంధం లేదమ్మా. పేను కంటికి కనవడుతది, వెంట్రుక పట్టుకొని బతుకుతది, దువ్వితే రాలుతది. ఇది గంతకన్న చిన్న పురుగు, కంటికి ఆనదు. చర్మం లోపలికి తొలుచుకొని పోయి ఆడ గుడ్లు పెడుతది. దువ్వెనతోని, నూనెతోని పోదు. శానాసేపు ఒళ్లుకు ఒళ్లు తగిలితే ఒకళ్ల నుంచి ఒకళ్లకు వస్తది." అంటూనే ఆమె చూపు లక్ష్మీదేవమ్మ చేతుల మీద పడింది. "అమ్మా, మీ చెయ్యి ఇట్లియ్యుండ్రి."

ఇచ్చింది. డాక్టరు వేళ్లు విడదీసి చూసింది. అవే గీతలు, ఇంకా పాతవి, ఇంకా ఎక్కువ.

"మీకు ఎప్పటి నుంచి?"

మార్చిలో ప్రొద్దుటూరు వెళ్లి వారం రోజులు చెల్లెలి మనవడిని ఒళ్లోంచి దించకుండా ఆడించిన సంగతి గుర్తొచ్చింది. ఒళ్లంతా పొక్కులతో ఏడ్చే బిడ్డ. తర్వాత నెలకు గానీ తన వేళ్లు దురద పెట్టలేదు. మొదటిసారి సోకినప్పుడు అలా ఆలస్యంగానే తెలుస్తుందని, ఈలోపే పక్కవాళ్లకు అంటుకుంటుందని డాక్టరు చెప్పింది. లక్ష్మీదేవమ్మకు ఆ తర్వాత డాక్టరు మాటలు సగమే వినిపించాయి. డాబా, కుర్చీ, భుజాల మీద తువ్వాలు, మోకాలి మీద వాలిన పిల్లల చేతులు కళ్లలో తిరిగాయి. ఆదివారం చాలదని బుధవారం కూడా తనే కూర్చోబెట్టుకుని పంచింది. తన చేతికి అందని తల ఒక్కటే బాగుంది. సిగ్గుతో ఆమెకు అక్కడికక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

మందు రాసిచ్చి డాక్టరు గట్టిగా చెప్పింది. "హాస్టల్లున్నోళ్లందరు ఒక్కటే రోజు పూసుకోవాలె, దురద ఉన్నా లేకున్నా. మెడ కింద నుంచి అరికాలు దాక, రాత్రంత ఉంచి పొద్దున స్నానం. వారమైనంక ఇంకోసారి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్లల్ల ఉతికి ఎండల వెయ్యాలె. ఒక్కళ్లు తప్పించుకున్నా మళ్ల అందరికి వస్తది. అందరికి చెప్పుండ్రి, దాచకుండ్రి."

ఇంటికొచ్చి సంగతి చెబితే చెన్నకేశవులు నడుము గీరుకోవడం ఆపి తలుపు దగ్గరగా వేశాడు.

"గట్టిగా అరవద్దు లచ్చిమీ. గజ్జి అంటే ఒక్క పిల్ల నిలుస్తాదా? పక్క హాస్టలోళ్లు పండగ చేసుకుంటారు. కొత్త బ్యాచ్ చేరే టైము ఇది. వాన నీళ్లకు చర్మం పాడు కాకుండా క్రీము అని చెప్పి ఇచ్చేద్దాం. ఎవరికీ ఏమీ తెలీదు."

"రసజ్ఞ?"

"ఆ పిల్ల ఎట్లాగూ పోతాంది కదా. సర్దుకుంటాంది, చూసినా. పోయినాక దురద తగ్గితే ఆ పిల్లతోనే పోయిందని అందరూ వాళ్లే అనుకుంటారు. మనం ఒక్క మాట అనే పని లేదు."

చెన్నకేశవులు చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్ల కష్టం మూతపడుతుందేమోనని భయపడ్డాడు, అంతే. ఆ భయం లక్ష్మీదేవమ్మకూ ఉంది. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదని, అలా చేస్తే హాస్టల్ పేరు చెక్కుచెదరదని ఆమెకు తెలుసు. అంత తేలిగ్గా గట్టెక్కే దారి కనిపించడమే ఆమెకు కష్టంగా తోచింది. మంచం మీద కూర్చుని చాలాసేపు తన చేతులు చూసుకుంది. పైనుంచి సూట్‌కేసు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఆ పిల్ల నెత్తిన పెట్టి పంపించి, నేను తల ఎత్తుకొని తిరగాల్నా?" అంది చివరికి. "అట్లా నిలిచే పేరు నాకొద్దబ్బా. హాస్టల్ మూసుకుంటే మూసుకుందాం."

ఆ సాయంత్రం స్నాక్స్ వేళకు అందరినీ డైనింగ్ హాల్లోకి పిలిచింది. రసజ్ఞను తానే వెళ్లి పిలుచుకొచ్చింది. ఆ పిల్ల చేతులు కట్టుకుని గోడ దగ్గర నిలబడింది. లక్ష్మీదేవమ్మ గొంతు సవరించుకుంది.

"పిల్లోళ్లారా, ఇవి పేన్లు కాదు. గజ్జి. యాడ నుంచో రాలేదు, నా చేతుల నుంచే వచ్చినాది. నాకు ముందొచ్చింది, తెలీక నూనె పెడతా మీ అందరికీ అంటించినా. రసజ్ఞ తలలో ఏమీ లేదు. ఆ పిల్ల నా చేతి కిందికి రాలేదు కాబట్టే బాగుంది. మీ అందరి ముందు ఆ పిల్లను అనరాని మాట అన్నా. అది తప్పు. మీ అందరి ముందే చెప్తాండా, తప్పు నాది."

మొదట ఎవరో మోచెయ్యి గోక్కున్నారు. అది చూసి ఇంకొకరు, వాళ్లను చూసి ఇంకో నలుగురు. ఉన్నట్టుండి యశస్విని ఫక్కున నవ్వింది. "ఆంటీ, మస్తు పరేషాన్ చేసిండ్రు! నేను ఉత్తగనే ఆఫీసుల కుర్చీలను తిట్టుకుంట తిరిగిన." హాల్లో నవ్వులు లేచాయి. అందరూ నవ్వలేదు. ఇద్దరు పిల్లలు ముఖాలు మాడ్చుకుని, కూకట్‌పల్లిలో అక్క ఇంటికి పోతామంటూ బ్యాగులు తేవడానికి లేచారు.

లక్ష్మీదేవమ్మ వాకిలికి అడ్డంగా నిలబడింది. ఇప్పుడామె పాత లక్ష్మీదేవమ్మే. "పోండమ్మా, వద్దనను. మందు పూసుకొని, ఉతికిన గుడ్డలు కట్టుకొని పోండి. ఇట్లనే పోతే మీ అక్కకూ, మీ అక్క బిడ్డలకూ అంటిస్తారు. నేను చేసిన పనే మీరూ చేస్తారా?" వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని కూర్చున్నారు.

ఆదివారం ఆ హాస్టల్‌ను చూడాలి! డాబా మీద పెద్ద కట్టెల పొయ్యి పెట్టి చెన్నకేశవులు నీళ్లు మరిగించాడు, దుప్పట్లన్నీ అందులో పడ్డాయి. నూనె తువ్వాలును ఆమె తన చేత్తోనే పొయ్యిలో పెట్టింది. అదృష్టం బాగుండి ఎండ కాసింది. పక్క హాస్టల్ పిల్లలు బాల్కనీల్లోకి వచ్చి చూశారు. ఏమైందని అక్కడి నుంచి ఎవరో అడిగితే, "గజ్జి! మీకు కూడ దురదుంటే దాచకుండ్రి, దవాఖాన సందు చివర్లనే ఉన్నది" అని యశస్విని గోడ మీంచి కేకేసింది. చెన్నకేశవులు తల పట్టుకున్నాడు. లక్ష్మీదేవమ్మ మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది.

సాయంత్రానికి గదిగదికీ మందు ట్యూబులు చేరాయి. అందరూ తలుపులు వేసుకున్నారు. చెన్నకేశవులు బయటి గదిలో తన తంటాలు తాను పడుతున్నాడు. లక్ష్మీదేవమ్మ లోపలి గదిలో చేతులకు, కాళ్లకు, పొట్టకు రాసుకుని, వీపు దగ్గరికొచ్చేసరికి అందక అవస్థ పడుతోంది. తలుపు మీద ఎవరో తట్టారు.

రసజ్ఞ. జుట్టంతా పైకి చుట్టి ముడేసుకుంది. చేతులకు మందు మెరుస్తోంది. దురద లేకపోయినా అందరితో పాటు తానూ పూసుకుంది.

"సూట్‌కేసు విప్పేశానండి" అంది. "అటు తిరగండి ఆంటీ. వీపుకి మీ చెయ్యి అందదు."

"ముట్టుకోవద్దమ్మా, నీకు బాగుంది."

"అందరం పూసుకున్నాక ఇంకేముందండి, తిరగండి."

ఇన్ని నెలలూ ఎవరినీ దగ్గరికి రానివ్వని పిల్ల చెయ్యి వీపు మీద పడగానే లక్ష్మీదేవమ్మకు కళ్లు నిండిపోయాయి. ఈ హాస్టల్లో ఇన్నేళ్లలో ఎందరి తలలకో నూనె పట్టింది గానీ, ఆమె వీపు పట్టినవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ లేరు.

అంతలో మంచం మీద ఫోన్ మోగింది. కర్నూలు నుంచి, హాస్టల్లోనే ఉంటున్న ఒక పిల్ల తల్లి. వచ్చే వారం చిన్న కూతుర్ని కూడా ఇక్కడే చేర్పిస్తానని మాటిచ్చిన మనిషి. చేతుల నిండా మందు ఉంది కాబట్టి రసజ్ఞ మోచేత్తోనే నొక్కి స్పీకర్ పెట్టింది.

"అక్కా, మా పాప ఏదేదో చెప్తాంది. మీ హాస్టల్లో గజ్జి వచ్చిందంటనే? నిజమేనా?"

వీపు మీద చెయ్యి ఆగింది. లక్ష్మీదేవమ్మ నిటారుగా కూర్చుంది.

"నిజమే. నా నుంచే వచ్చినాది. ఈపొద్దు ఒక్కరు తప్పకుండా అందరం మందు పూసుకున్నాం, వచ్చే ఆదివారం ఇంకోసారి పూసుకుంటాం. నీ పెద్ద కూతురు బాగుంది. చిన్నదాన్ని ఆ తర్వాత తీసుకొనిరా. వచ్చినప్పుడు బాత్‌రూములు తర్వాత చూద్దువు గానీ, ముందు నా పిల్లల్ని చూపిస్తా."